మా తాత మిల్లు పేరులో ఉన్న యువరాజు

మా తాత వరంగల్‌లో ఆజంజాహి మిల్లులో పని చేశాడు. నూలు వడికే సెక్షన్. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా దూది ఉండేదని నానమ్మ చెప్పేది. చిన్నప్పుడు ఒకసారి "ఆజంజాహి అంటే ఏంది తాతా?" అని అడిగితే "మిల్లు పేరు బిడ్డా" అన్నాడు, అంతే. అంతకంటే ఏం కావాలి ఎవరికైనా? రిక్షావాళ్లూ కూరగాయలమ్మే అమ్మలూ ఆ పేరును నోరు తిరగని మాటలా కాకుండా మన మాటలాగే గడగడా అనేసేవాళ్లు. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి రాజు కావాల్సినవాడని, కాకుండానే పోయాడని నాకు ముప్పై దాటాక తెలిసింది.

తెలిసిన తీరు కూడా కాస్త నవ్వొచ్చేదే. ఆ ఏడాది మా ఆఫీసులో నాకు హోదా పెంచారు, జీతం పెంచలేదు. మెయిల్ సంతకంలో ఒక పదం ఎక్కువైంది, నెలాఖరు అకౌంట్ మాత్రం ఎప్పటిలాగే. ఆ బాధ చాయ్ దగ్గర వెళ్లగక్కుతుంటే మా టీమ్‌లో ఉన్న యవత్మాల్ కుర్రాడు పడీపడీ నవ్వి, "మీ హైదరాబాద్‌వాళ్లకి ఇది పాత అలవాటేగా అన్నా, మా ఊళ్లకి కూడా మీ దగ్గర ఒక ప్రిన్స్ ఉండేవాడంట కదా" అన్నాడు. మీ ఊళ్లకి మా దగ్గర ప్రిన్స్ ఏంట్రా? "ప్రిన్స్ ఆఫ్ బేరార్. మేం వర్హాడ్ అంటాం. మా తాతలెవరూ ఆయన్ని లెక్కలోకి తీసుకున్నట్టు లేదులే" అన్నాడు. ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెడితే ఆ బేరార్ ప్రిన్సూ మా తాత మిల్లు పేరులో ఉన్నాయనా ఒక్కరే అని తేలింది. అక్కడి నుంచి నాకు పిచ్చి పట్టుకుంది, ఇదిగో ఈ పోస్టు దాని ఫలితం.

ఆయన అసలు పేరు మీర్ హిమాయత్ అలీ ఖాన్. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పెద్దకొడుకు, 1907లో పుట్టాడు. పూర్తి పేరు రాయాలంటే ముందు కాస్త ఊపిరి పీల్చుకోవాలి: వాలాషాన్ సాహెబ్‌జాదా నవాబ్ సర్ మీర్ హిమాయత్ అలీ ఖాన్ సిద్దిఖీ ఆజం జా బహదూర్. ఇందులో తల్లిదండ్రులు పెట్టిన పేరు మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయి ఉంది, మిగతాదంతా చుట్టూ కట్టిన గోడ. వాలాషాన్ అంటే గొప్ప ఘనత కలవాడు. సాహెబ్‌జాదా అంటే దొరగారి బిడ్డ. 'సర్' ఇంగ్లీషువాళ్లది. బహదూర్ మనకి తెలిసిందే. అన్నిటికంటే నాకు నచ్చింది ఆజం జా. 'జా' అంటే హోదా, ఆజం అంటే అన్నిటికంటే పెద్దది. అంటే బిరుదు పేరే 'అతి పెద్ద హోదా'! మా మేనేజర్‌కి ఈ ముక్క చెబుదామనుకుని మానేశాను.

ఈ జా ఊరికే తగిలించింది కాదు, దానికో మెట్ల వరస ఉంది. నిజాం దర్బారులో బిరుదులు ఇప్పటి ఆఫీసు ప్రమోషన్లలాగే ఒకదాని మీద ఒకటి ఉండేవి: ఖాన్ బహదూర్, ఆ పైన జంగ్, ఆ పైన దౌలా, ముల్క్, ఉమరా, అన్నిటికన్నా పైన జా. అందుకే హైదరాబాద్ చరిత్రలో జంగ్‌లు అడుగడుక్కీ తగులుతారు. సాలార్ జంగ్, అలీ నవాజ్ జంగ్, మెహదీ నవాజ్ జంగ్ అందరూ ఆ మెట్టు మీదివాళ్లే. అక్బర్ హైదరీ కూడా కాగితం మీద హైదర్ నవాజ్ జంగ్. హిందువులకైతే రాయ్, రాజా, రాజా బహదూర్ అని వేరే వరస, మన కొత్వాల్ వెంకటరామారెడ్డిగారు రాజా బహదూర్ అయింది అలాగే. జా మాత్రం రాజకుటుంబానికీ, వాళ్లతో వియ్యమందిన పాయెగాల్లాంటి మహా మహా ఉమ్రావులకీ. వంశం పేరే ఆసఫ్ జా, అంటే సులేమాన్ చక్రవర్తి (బైబిల్లోని సోలమన్) మంత్రి ఆసఫ్ అంతటి హోదా కలవాడని. ఒకసారి ఆలోచించండి, మొదటి నిజాంకి మొఘల్ చక్రవర్తి ఇచ్చిన ఆ బిరుదు అసలు ఒక మంత్రితో పోలిక, రాజుతో కాదు. దాన్నే రాజవంశం పేరు చేసుకుని రెండువందల ఏళ్లకు పైగా ఏలారు. వాళ్లకి బిరుదూ వచ్చింది, రాజ్యమూ వచ్చింది. ఆజం జా దగ్గరికొచ్చేసరికి బిరుదు వచ్చింది, రాజ్యం రాలేదు.

ఇక బేరార్ సంగతి. ఇది చెప్పకుండా ఆ ప్రిన్స్ బిరుదులోని తమాషా అర్థం కాదు, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

బేరార్ అంటే ఇప్పటి మహారాష్ట్రలో అమరావతి, అకోలా, బుల్ఢాణా, యవత్మాల్ వైపు. నల్లరేగడి, పత్తి. అది నిజాందే. అయితే హైదరాబాద్ కంటింజెంట్ అని ఒక సైన్యం ఉండేది, దాన్ని నడిపేది ఇంగ్లీషు ఆఫీసర్లు, జీతాలు ఇచ్చేది నిజాం. జీతాలు బాకీ పడి, ఆ బాకీ కొండలా పెరిగి, 1853లో దాని కింద బేరార్‌ని ఇంగ్లీషువాళ్లకి అప్పగించాల్సి వచ్చింది. తాకట్టు అన్నమాట. మన ఊళ్లలో తాకట్టు పెట్టిన పొలం ఎప్పుడైనా వెనక్కి వచ్చిందా? నిజాం దివాన్ (ప్రధానమంత్రి) మొదటి సాలార్ జంగ్ బతికినంత కాలం దాని కోసం తిరిగాడు, 1876లో లండన్ దాకా వెళ్లాడు, రాలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషాతో ఏకాంతంగా మాట్లాడి, ఏడాదికి 25 లక్షల రూపాయలకి శాశ్వతంగా లీజుకి రాయించుకున్నాడు. తర్వాత నిజాంకి జీసీబీ అనే పెద్ద పతకం ఇచ్చారు. దాని మీద అప్పట్లో ఒక జోకు పుట్టింది, జీసీబీ అంటే 'గేవ్ కర్జన్ బేరార్' అని. కర్జన్‌కి బేరార్ ఇచ్చేసినందుకు దొరికిన పతకం అని వెక్కిరింపు! నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ జోకు పేలుతోందంటే అది కట్టినవాడెవడో గట్టివాడే.

ఏడో నిజాం మాత్రం పట్టువదల్లేదు. బేరార్ నాది, నాకిచ్చేయండి అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 1926లో వైస్రాయ్ రీడింగ్ నుంచి మొహం మీద కొట్టినట్టు జవాబొచ్చింది: ఇండియాలో బ్రిటిష్ సార్వభౌమత్వమే అన్నిటికీ పైన, ఏ రాజూ మాతో సమానుడిగా కూర్చుని బేరమాడలేడు అని. (అప్పటికి ఎనిమిదేళ్ల ముందు, 1918లో, ఇదే నిజాంకి మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' అనీ, 'బ్రిటిష్ ప్రభుత్వపు నమ్మకమైన మిత్రుడు' అనీ బిరుదులిచ్చారు. దేశంలో మిగతా మహారాజులందరూ ఉత్త హైనెస్‌లు, ఎగ్జాల్టెడ్ ఈయనొక్కడే. ఆ మిత్రుడికి చెప్పిన మాట అది.) పదేళ్ల తర్వాత 1936 అక్టోబర్‌లో ఒక రాజీ కుదిరింది. ఆ రాజీ చదువుతుంటే నా ప్రమోషన్ లెటరే గుర్తొచ్చింది, ఒట్టు. బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని ఒప్పుకున్నారు. కానీ పాలన సెంట్రల్ ప్రావిన్సెస్‌తో కలిపి వాళ్లే చేస్తారు. అక్కడ బ్రిటిష్ జెండా పక్కన నిజాం జెండా కూడా ఎగురుతుంది. ఏడాదికి ఆ పాత 25 లక్షలు అలాగే వస్తాయి. ఇకపై నిజాం 'హైదరాబాద్ అండ్ బేరార్ నిజాం'. ఆయన వారసుడు 'హిజ్ హైనెస్ ది ప్రిన్స్ ఆఫ్ బేరార్'.

అలా 29 ఏళ్ల ఆజం జా ఒక పత్తి దేశానికి యువరాజయ్యాడు. అక్కడ ఆయన వసూలు చేయగల శిస్తు లేదు, వేయగల తహసీల్దారూ లేడు. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ అన్న బిరుదు పోలికలోనే ఇదీ కట్టారని చూడగానే తెలుస్తుంది. కానీ తేడా చూడండి, ఇంగ్లండ్ వారసుడికి వేల్స్ మీద పెత్తనం లేకపోయినా డచీ ఆఫ్ కార్న్‌వాల్ అని 1337 నుంచి నిఖార్సైన ఎస్టేటు ఒకటి ఉంది, అందులోంచి ఆదాయం వస్తుంది. మన ప్రిన్స్‌కి పేరులో ఉన్న ఊరు నుంచి పైసా లేదు, ఖర్చులకి తండ్రి చేతికేసి చూడాల్సిందే. ఆ తండ్రి ఎవరు? 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా కనిపించినవాడు, పిసినారితనానికి అంతకంటే పేరున్నవాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నది ఈయన కోసమే పుట్టిందా అనిపిస్తుంది. (యవత్మాల్ తమ్ముడూ, ఇది మీ ఊరిని అన్నది కాదు.)

ఇంకో బిరుదు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కొన్నిచోట్ల ఆయన పేరు ముందు 'దామాద్' అని ఉంటుంది. ఉర్దూ వచ్చినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, అల్లుడు! నిజంగానే అల్లుడనే అర్థం. ఒట్టోమన్ వంశపు రాకుమారిని పెళ్లి చేసుకున్నవాళ్లు పెట్టుకునే గౌరవ పదం అది. మన దగ్గర అల్లుడు అనేది సంక్రాంతికి మాత్రమే చెల్లే హోదా, వాళ్ల దగ్గర ఏడాది పొడుగునా, పేరు ముందే. 1931 నవంబర్ 12న ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆజం జాకీ, దురుషెహ్వార్‌కీ పెళ్లయింది. ఆవిడ ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ ఒక్కగానొక్క కూతురు, అప్పటికి 17 ఏళ్లు. ఆ పేరుకి రాజులకు తగిన ముత్యం అని అర్థం. ముత్యం హైదరాబాద్ చేరడంలో వింతేముంది అనుకోండి. అదే పెళ్లిలో తమ్ముడు మొజం జాకి నీలోఫర్‌నిచ్చి చేశారు.

ఆ మామగారి కథ ఇంకా చిత్రం. 1922లో టర్కీలో సుల్తాను పదవి రద్దు చేసి, రాజ్యం లేని ఖలీఫాగా ఈయన్ని కూర్చోబెట్టారు. 1924 మార్చిలో ఆ ఖలీఫా పదవినీ తీసేసి కుటుంబంతో సహా దేశం దాటించారు. ప్రవాసంలో ఉన్న ఆయనకి నెలనెలా డబ్బు పంపింది మన నిజామే. అంటే రాజ్యం లేని ఖలీఫా కూతుర్ని, కొన్నేళ్లకి రాజ్యం లేని ప్రిన్స్ కాబోయేవాడు చేసుకున్నాడు. పెళ్లి శుభలేఖ మీద పేర్లకి మాత్రం చోటు సరిపోయి ఉండదు.

దురుషెహ్వార్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంట్లో బిరుదుకి తగ్గట్టు కనిపించింది నాకు ఆవిడే. కొడుకుల చదువులు దగ్గరుండి చూసుకుంది. పురానీ హవేలీ దగ్గర ఆవిడ పేరు మీదున్న ఆసుపత్రిలో ఇప్పటికీ పిల్లలకి వైద్యం జరుగుతోంది. 2006లో లండన్‌లో చనిపోయింది. ఆవిడ మీద విడిగా రాస్తాను, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం.

ఇంగ్లీషు పతకాల సంగతి తొందరగా ముగిస్తాను, అవి పెద్ద ఆసక్తిగా లేవు. జీసీఐఈ ఒకటి, జీబీఈ ఒకటి, రెండూ ఆయా వరసల్లో పై మెట్టువే, పేరులో ఉన్న 'సర్' అక్కడి నుంచే. సైన్యంలో కూడా పెద్ద హోదానే, హైదరాబాద్ సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్‌గా ఆయన పేరుండేది. కానీ 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చినప్పుడు, మేజర్ జనరల్ చౌధురి ముందు హైదరాబాద్ సైన్యం తరఫున లొంగిపోయింది దాన్ని నడిపిన జనరల్ ఎల్ ఎడ్రూస్. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. అందులో మన ప్రిన్స్ లేడు.

బేరార్ కూడా ఆ గొడవలో తేలిగ్గా జారిపోయింది. 1950లో మధ్యప్రదేశ్‌లో, 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో కలిసింది. ప్రిన్స్ ఆఫ్ బేరార్ మాత్రం ప్రిన్స్ ఆఫ్ బేరార్‌గానే మిగిలాడు.

అసలు దెబ్బ బయటివాళ్లు కొట్టింది కాదు. పెద్దకొడుకు దుబారా మనిషి, అప్పులు చేస్తాడు, పొదుపుకి మారుపేరైన తండ్రికి అది బొత్తిగా గిట్టదు. 1954లో ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకుని పక్కనపెట్టి మనవణ్ణి, అంటే ఆజం జా పెద్దకొడుకు ముకర్రం జాని, వారసుడిగా ప్రకటించాడు. భారత ప్రభుత్వం ఒప్పుకుంది. అప్పటికి ఆజం జాకి 47 ఏళ్లు. పుట్టినప్పటి నుంచి వినే మాట ఒక్కటే, వలీ అహద్, వలీ అహద్, అంటే రాబోయే రాజువని. ఒకరోజు పొద్దున లేచేసరికి రాబోయే రాజు నువ్వు కాదు, నీ కొడుకు. బిరుదు మాత్రం ఎవరూ లాక్కోలేదు. లాక్కుని ఏం చేసుకుంటారు?

నాకు ఇక్కడ ఎవరి మీద జాలిపడాలో తెలియదు. అప్పులు తీర్చే తండ్రి వైపు నుంచి చూస్తే ఆయనది తప్పనిపించదు. అటు, నలభై ఏళ్లు వేచి ఉండటమే ఉద్యోగంగా ఉన్న మనిషి దుబారా చేయక ఏం చేస్తాడు అని కూడా అనిపిస్తుంది. ఇది చదివి మా నాన్న "రాజుల కష్టాలకి నువ్వు ఏడవకు, మీ తాత షిఫ్టులకి ఏడువు" అన్నాడు. అదీ నిజమే.

1967 ఫిబ్రవరి 24న ఏడో నిజాం పోయాడు. ఏప్రిల్‌లో చౌమహల్లాలో ముకర్రం జా గద్దెనెక్కాడు, ఎనిమిదో నిజాంగా. తండ్రి బతికే ఉన్నాడు. అలా ఆజం జా ఒక నిజాంకి కొడుకూ, ఇంకో నిజాంకి తండ్రీ అయ్యాడు, మధ్యలో తన వంతు రాకుండానే. 1970 అక్టోబర్‌లో చనిపోయాడు. అప్పటికి ఒక నెల ముందే రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు రద్దు చేశారు, డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. అంటే ఆయన పోయిన రోజుకి ఆయన కొడుకు నిజామా కాదా అన్నది కోర్టులో ఉంది! ఏడాదికల్లా, 1971 చివర్లో, 26వ రాజ్యాంగ సవరణతో బిరుదులూ రాజభరణాలూ చట్టం ముందు శాశ్వతంగా పోయాయి. తాత ఏడో నిజాంకి ఏటా 42,85,714 రూపాయల రాజభరణం వచ్చేది (హైదరాబాద్ హాలీ సిక్కాల్లో 50 లక్షలన్నమాట, అందుకే అంత విచిత్రమైన అంకె), మనవడికొచ్చేసరికి దాన్ని 20 లక్షలకి తగ్గించారు, ఆ తర్వాత అదీ లేదు.

ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం కొనుక్కున్నాడు, తర్వాత టర్కీలో, అమ్మగారి దేశంలో, స్థిరపడ్డాడు. 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోతే తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు, తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలు జరిపించింది. ఆ వారంలోనే కొడుకు అజ్మత్ జాకి చౌమహల్లాలో తలపాగా చుట్టి తొమ్మిదో వారసుణ్ణి చేశారు. చట్టం దృష్టిలో దానికేమీ విలువ లేదు, కుటుంబం దృష్టిలో ఉంది.

మొన్న యవత్మాల్ కుర్రాణ్ణి వెంటేసుకుని ఇవన్నీ చూపిద్దామని బయల్దేరాను. సోమాజిగూడలో బెల్లా విస్టా, ప్రిన్స్ ఉన్న భవనం, ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ. ఏలడానికి రాజ్యం దొరకని మనిషి ఇంట్లో ఆఫీసర్లకి పాలన ఎలా చేయాలో నేర్పిస్తున్నారు అన్నాడు వాడు, నాకంటే ముందే. అక్కడి నుంచి తమ్ముడి పేరు మీదున్న మొజంజాహి మార్కెట్‌కి. కానీ ఆ పేరు ఇప్పుడెవరంటున్నారు, ఎంజే మార్కెట్. బంజారాహిల్స్‌లో రెండో కొడుకు ముఫఖం జా పేరు మీద ఇంజినీరింగ్ కాలేజీ, దాన్నీ పిల్లలు ఎంజే అనే అంటారు. దర్బారులో అన్నిటికంటే పై మెట్టు, ఉమ్రావులు ఆశపడిన ఆ 'జా' ఇప్పుడు ఒక ఇంగ్లీషు అక్షరం, జే. ఐస్‌క్రీమ్ తింటూ ఈ ముక్క చెబితే వాడు "మరి మీ తాత మిల్లు?" అన్నాడు.

మిల్లు లేదు. 1934లో కట్టింది, ప్రిన్స్‌కి 27 ఏళ్లప్పుడు. తర్వాత జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వెళ్లి, ఆఖరికి మూతపడింది. బేరార్ బిరుదు కంటే రెండేళ్ల ముందే ఆయన పేరు పత్తి మీద పడిందన్నమాట, ఆ పత్తి నుంచి మాత్రం నిజంగానే మా ఇంట్లో మూడు పూటలా అన్నం వచ్చింది.

ఇంకొకటి మిగిలింది. ఆయన పేరు మీద మొట్టమొదట వెలిసింది మిల్లు కాదు, చెరువు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన రెండు జలాశయాల్లో మొదటిది తండ్రి పేరు మీద ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన రెండోది 20 ఏళ్ల కొడుకు పేరు మీద హిమాయత్‌సాగర్. ఆజం జా కాదు, ప్రిన్స్ కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరు. వానాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు, మూసీ పక్కవాళ్లు జాగ్రత్త అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది చూడండి, అదే. తండ్రిగారి ఉస్మాన్‌సాగర్‌ని మాత్రం ఊరంతా గండిపేట అనేస్తుంది.